10×11 గదిలో హెచ్‌ఓ (1:87 కొలత) మోడల్ రైలు లేఅవుట్: బల్ల, పట్టాలు, వైరింగు, కంకర, ఆ తర్వాత శుభ్రం

#1 | గుడివాడ_లూప్

అందరికీ నమస్కారం. గది 10×11 అడుగులు, విజయవాడలో పై అంతస్తు. తలుపు ఒక మూల, బయటికి తెరుచుకుంటుంది. గోడల చుట్టూ తిరిగే సింగిల్ లైను, ఒక గోడ మీద మూడు లైన్ల స్టేషను వేయాలని ప్లాను. బండి వ్యాప్-7 ఇంజిను, వెనక ఎనిమిది ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) బోగీలు. కోడ్ 100 రకం ఫ్లెక్సీ (చేత్తో వంచుకునే) పట్టా గజం ముక్కలు 15, పెకో కంపెనీ మీడియం పాయింట్లు (బండిని పక్క లైనుకు మళ్లించే పట్టాలు) 6 (క్రాసింగు, అంటే రెండు లైన్లు కలిసే మొన, ప్లాస్టిక్‌ది) చేతిలో ఉన్నాయి.

తెలియాల్సినవి: వంపు వ్యాసార్థం ఎంత పెట్టాలి? ప్లైవుడ్ ఏది, ఎంత మందం? డీసీనా (పట్టాకు మామూలు కరెంటు) డీసీసీనా (ఒక్కో ఇంజినుకు విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి)? వేసవిలో ఈ గది బాగా వేడెక్కుతుంది, దుమ్ము కూడా ఎక్కువ. వాటికి మొదట్లోనే ఏం జాగ్రత్త తీసుకోవాలి?

#2 | రసమట్టం

ప్లైవుడ్ సంగతి తర్వాత, ముందు బండిని కొలవండి. ఎల్‌హెచ్‌బీ బోగీ బాడీ 23.54 మీటర్లు, 1:87లో 271 మి.మీ. పాత ఐసీఎఫ్ బోగీ దాదాపు 245. పొడవైన బోగీకి రెండున్నర రెట్లు కనీస వ్యాసార్థం, మూడు రెట్లు ఉంటే హాయి. అంటే మీకు 680 నుంచి 810 మధ్య రావాలి. 700 పెట్టుకోండి. సెట్ ట్రాక్‌లో (ముందే వంచి అమ్మే పట్టా ముక్కల్లో) వచ్చే 438 వంపు మీద ఈ బోగీలు వేస్తే కప్లింగు పక్కకు లాగి లోపలి చక్రం పైకి లేస్తుంది. తిరిగినా చూడటానికి బాగోదు.

ఇప్పుడు గది. పట్టా మధ్యగీత గోడకు 100 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. పొడుగు గోడ 3.35 మీటర్లలో రెండు మూలల వంపులు పోను తిన్నని భాగం 1.75 మీటర్లే మిగులుతుంది. రెండు చివరలా మీడియం పాయింట్లు ఒక్కోటి 219 మి.మీ., ఫౌలింగ్ మార్కు (పక్క లైను బండికి తగలకుండా ఆగాల్సిన హద్దు) దాకా ఇంకో 100 చొప్పున వదిలితే లూపులో (మెయిన్ లైను నుంచి విడిపోయి మళ్లీ కలిసే పక్క లైనులో) బండి నిలబడే చోటు 1.1 మీటరు. ఇంజిను 236, మూడు బోగీలు, అంతే. ఎనిమిది బోగీల బండికి రెండున్నర మీటర్ల లూపు కావాలి.

కాబట్టి ఒకే గోడ మీద స్టేషను అన్న ఆలోచన మార్చుకోవాలి. లూపును మూల తిప్పి పక్క గోడ మీదికి తీసుకెళ్లండి. 1.75 తిన్నని భాగం, మూల వంపు 1.1, పక్క గోడ 1.45 కలిపితే 4.3 మీటర్లు. వంపు దగ్గర ఫౌలింగ్ మార్కుకు కొంచెం ఎక్కువ, 150 చొప్పున వదిలి పాయింట్లు కూడా తీసేసినా మూడున్నర మీటర్లు చేతికొస్తాయి. ప్లాట్‌ఫారం సగం వంపు మీద ఉంటుంది. అసలు రైల్వేలో అలాంటి స్టేషన్లకు కొదవ లేదు.

#3 | బ్రాడ్‌గేజ్_ప్రియ

ఇది ఇక్కడే చెప్పుకోవాలి. హెచ్‌ఓ పట్టా గేజి 16.5 మి.మీ. అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజి 1676ను 87తో భాగిస్తే 19.3 రావాలి. అందుకే ఏ మోడలు తీసుకున్నా ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటాయి. పక్కనుంచి చూస్తే తెలియదు. 19.3కి పట్టా, పాయింట్లు, ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి, మొదటి లేఅవుట్‌కు అది తలకెత్తుకోవద్దు. హెచ్‌ఓ పట్టా మీద గేజి అచ్చంగా సరిపోయేది మన దగ్గర హైదరాబాద్ మెట్రోకే. అది స్టాండర్డ్ గేజి.

వంపుల సంగతి కూడా. మన బ్రాడ్ గేజిలో అనుమతించే అతి గట్టి వంపు 10 డిగ్రీలు, వ్యాసార్థం 175 మీటర్లు. 1:87లో అది రెండు మీటర్లు. ఈ గదిలో దాన్ని వేయలేం. 700 అంటేనే అసలుకు మూడో వంతు. ఆ రాజీ కనపడకుండా వంపుల ముందు చెట్లో, గట్టో, గూడ్సు షెడ్డో పెట్టుకోవడమే దారి.

#4 | గుడివాడ_లూప్

రసమట్టం గారూ, లెక్క కళ్లు తెరిపించింది. లూపు మూల తిప్పితే పక్కపక్క లైన్లలో బోగీలు ఒకదానికొకటి తగలవా? తిన్నని చోట లైన్ల మధ్య 50 మి.మీ. దూరం చాలని మామూలుగా అంటారు కదా.

#5 | రసమట్టం

తిన్నని చోట 50 చాలు. వంపులో చాలదు. బోగీ మధ్యభాగం వంపు లోపలికి, చివరలు బయటికి పొడుచుకొస్తాయి. లెక్క ఇలా (ట్రక్కు అంటే బోగీ కింద చక్రాలు బిగించిన చట్రం):

లోపలికి = (రెండు ట్రక్కుల మధ్య దూరం)² ÷ (8 × వ్యాసార్థం)
బయటికి = (మొత్తం పొడవు² − ట్రక్కుల మధ్య దూరం²) ÷ (8 × వ్యాసార్థం)

ఎల్‌హెచ్‌బీకి ట్రక్కుల మధ్య దూరం 14.9 మీటర్లు, మోడలులో 171. వ్యాసార్థం 700 మీద లోపలికి 5.2, బయటికి 7.9 మి.మీ. లోపలి లైను 640 మీద బయటికి 8.6. బయటి లైను బోగీ పొట్ట, లోపలి లైను బోగీ చివర ఎదురెదురు పడితే 5.2 + 8.6 + బోగీ వెడల్పు 37.2 = 51 మి.మీ. అంటే 50 దూరంలో రాసుకుంటాయి. 60 పెట్టండి. ప్లాట్‌ఫారం అంచుకూ ఇదే లెక్క. వంపు మీద అంచును ముందే అతికించకండి. పొడవైన బోగీ పక్కకు పెన్సిలు కట్టి లైను పొడుగునా నెట్టుకుంటూ పోతే పెన్సిలు గీసిన గీతే అంచు. ఎత్తు రైలు తల (పట్టాలోని లోహపు కమ్మీ పైభాగం) నుంచి 9 మి.మీ. చాలు (అసలు హైలెవెల్ ప్లాట్‌ఫారం 760–840 మి.మీ.).

640 లైను మీద బోగీలు మెల్లగా నడపండి. అసలు లూపు లైన్లోకి కూడా వేగం తగ్గించే కదా వెళ్తారు. మూడో లైను 580 అవుతుంది, దాన్ని గూడ్సుకు ఉంచేయండి. బాక్స్‌ఎన్ వ్యాగను 123 మి.మీ.యే, దానికి 580 ఇబ్బంది కాదు.

ఇంకొకటి. తిన్నని లైను నుంచి ఒక్కసారిగా 700లోకి మలపకండి. మధ్యలో 300 మి.మీ. పొడవున వంపు క్రమంగా బిగుసుకోవాలి. వంపును లోపలికి 5.4 మి.మీ. జరిపి, సన్నని చెక్క బద్దను వంచి ఆ గీత గీస్తే సరిపోతుంది. బండి మూలలోకి జారినట్టు వెళ్తుంది, ఉలిక్కిపడదు.

పట్టా ముక్కలు 15 చాలవు. మెయిన్ లైను చుట్టుకొలతే 10.8 మీటర్లు, దానికి 12 ముక్కలు. లూపు, గూడ్సు లైను కలిపి ఇంకో ఎనిమిది. 20 లెక్క వేసుకోండి.

#6 | చెక్కపని

ప్లైవుడ్ ఐఎస్ 710 గుర్తున్నది 12 మి.మీ. పై పలకకు, 18 మి.మీ. చట్రానికి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు. వానాకాలం తేమకు ఉబ్బితే మళ్లీ దిగవు.

షీటు 8×4, అంటే 2440×1220. పై పలక వెడల్పు 450 అనుకుంటే షీటుకు రెండు పట్టీలే వస్తాయి, అడుగుకు పైగా వృథా. 400కి దిగితే రంపం కోత పోయినా మూడు వస్తాయి. రెండు షీట్లతో 14 మీటర్లు దాటుతుంది, మీ గదికి చాలు. మూలల్లో మాత్రం 580 లైను పలక అంచుకు వచ్చేస్తుంది, అక్కడ 300 మి.మీ. త్రిభుజపు ముక్క కలపండి. చట్రానికి 18 మి.మీ. షీటును 75 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోయించండి. ఒక్క షీటుకు 15 పట్టీలు, 36 మీటర్లు. అడ్డపట్టీలు 400కు ఒకటి. పాయింట్ల మోటార్లు ఎక్కడ వస్తాయో ముందే గుర్తు పెట్టి అడ్డపట్టీని అక్కడి నుంచి జరపండి. పాయింటు కింద సరిగ్గా అడ్డపట్టీ రావడం అందరూ చేసే పొరపాటు.

పలకకు రెండు వైపులా, అంచులకూ ప్రైమరు పూయాలి. ఒక వైపే పూస్తే పూయని వైపు తేమ పీల్చుకుని పలక విల్లులా వంగుతుంది. గోడకు ఆనించకుండా 10 మి.మీ. ఖాళీ వదలండి. గాలి ఆడుతుంది, చెద పట్టినా కంటికి కనిపిస్తుంది. ఎత్తు 1.1 నుంచి 1.2 మీటర్లు. కింద దూరి పని చేయడానికి వీలు, కళ్లకు రైలు దగ్గరగా ఉంటుంది.

తలుపు దగ్గర ఎత్తి పక్కన పెట్టే వంతెన ముక్క వేయండి. రెండు చివరలా ఇత్తడి డోవెల్ పిన్నులు ఉంటే ప్రతిసారీ ఒకేచోట కూర్చుంటుంది. అటూ ఇటూ మీటరు పట్టాకు కరెంటు ఆ ముక్క ప్లగ్గు ద్వారానే వెళ్లాలి. వంతెన తీయగానే ఆ మీటరు చచ్చిపోతుంది, బండి కింద పడదు.

#7 | టంకంకడ్డీ

వైరింగు. రెండు మెయిన్ వైర్లు, ఎరుపు నలుపు, 1.5 చదరపు మి.మీ. ఇంటి వైరింగు తీగే. బల్ల కింద పట్టా పొడుగునా వెళ్తాయి. ప్రతి గజం పట్టా ముక్కకూ రెండు సన్న తీగలు (0.25 నుంచి 0.5 చ.మి.మీ.) పైనుంచి దించి మెయిన్‌కు కలపాలి. ఫిష్‌ప్లేటును (రెండు పట్టా ముక్కల్ని కలిపే రేకును) కరెంటు దారిగా నమ్మొద్దు. కొత్తప్పుడు బాగానే పని చేస్తుంది. రంగు, జిగురు, తుప్పు చేరాక ఒక్కో జాయింటు దగ్గర కాస్త వోల్టేజీ పోతూ గదికి అవతలి మూలలో ఇంజిను నీరసపడుతుంది. మెయిన్ వైరులో పోయేది చాలా తక్కువ. ఐదు మీటర్ల దూరానికి రానుపోను 0.12 ఓము, రెండు యాంపులకు పావు వోల్టు.

టంకం వేసేటప్పుడు పట్టా బయటి పక్క, రైలు నడుము మీద వేయండి. లోపలి పక్క వేస్తే చక్రం అంచు తగులుతుంది. అక్కడ ముందు ఆకురాయితో మెరిసేలా గీకి, రోజిన్ ఫ్లక్సు రాసి, తీగకు కూడా ముందే టంకం పట్టించి, 40 వాట్ల కడ్డీతో రెండు సెకన్లలో ముగించాలి. అటూ ఇటూ స్లీపర్ల మీద తడి దూది పెడితే ప్లాస్టిక్ కరగదు. పని రెండు సెకన్లలో కాలేదంటే కడ్డీ మొన మురికిగా ఉందన్నమాట. అదే పనిగా ఒత్తిపెట్టకుండా మొన తుడిచి మళ్లీ వేయండి. యాసిడ్ ఫ్లక్సు అసలు వద్దు. నెలల తర్వాత తీగ జాయింటు దగ్గర పచ్చగా తినేస్తుంది.

డీసీనా డీసీసీనా అంటే: ఒక్క బండే తిరిగితే 12 వోల్టుల డీసీ చాలు. లూపులో ఒకటి ఆపి మరొకటి నడపాలంటే డీసీలో పట్టాను ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి స్విచ్చి పెట్టాలి. మీ ప్లానుకు డీసీసీ తేలిక. ఆర్డుయినో మెగా (చిన్న కంట్రోలరు బోర్డు), దాని మీద కూర్చునే మోటారు షీల్డు, డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేరుతో కమాండ్ స్టేషను చేసుకోవచ్చు. మామూలు ఆర్3 షీల్డయితే వెనకవైపు వీఇన్ జంపర్ తెంచడం మరవకండి. లేకపోతే పట్టా వోల్టేజీ ఆర్డుయినోలోకి వెళ్తుంది. ఆ షీల్డు చిప్పులోనే రెండు వోల్టుల దాకా పోతుంది కాబట్టి 15 వోల్టుల సప్లై పెట్టండి.

#8 | పాయింట్స్‌మన్

టంకంకడ్డీ గారు చెప్పినదానికి ఒక పరీక్ష కలుపుతాను. తీగలన్నీ కలిపాక రూపాయి బిళ్లను పట్టాలోని రెండు రైళ్ల (కమ్మీల) మీద అడ్డంగా పెట్టండి. అది పట్టా గేజి కంటే పెద్దది కాబట్టి హెచ్‌ఓ పట్టాకు అందుతుంది. బూస్టరు (పట్టాకు కరెంటు ఇచ్చే యూనిట్) వెంటనే తెగిపోవాలి. ప్రతి ముక్కలో, ప్రతి పాయింటు తర్వాత, గూడ్సు లైను చివర బఫర్ దగ్గర కూడా పెట్టి చూడాలి. ఎక్కడైనా తెగకపోతే అక్కడ వైరింగు బలహీనం. అలాంటి చోట షార్టయితే కరెంటు ఆగకుండా పారుతూ స్లీపర్లను, బోగీ చక్రాలను కరిగిస్తుంది. కంకర పోయకముందే ఈ పరీక్ష చేయాలి.

పాయింట్లు: పెకో పాయింటులో స్ప్రింగు ఉంటుంది. చేత్తో మార్చినా, సోలినాయిడ్ (కాయిలుతో ఒక్కసారిగా లాగే) మోటారు పెట్టినా అది ఉండాలి. సర్వో (మెల్లగా తిరిగే చిన్న మోటారు) పెడితే తీసేయండి. ఎస్‌జీ90 సర్వో, 0.8 మి.మీ. పియానో తీగ చాలు. అంతకంటే సన్నది 12 మి.మీ. ప్లైవుడ్, పట్టా కింది 3 మి.మీ. కార్కు దాటేసరికి వంగిపోయి టంగ్ రైలును (పాయింటులో కదిలే రైలును) గట్టిగా ఆనించదు. సోలినాయిడ్ అయితే కెపాసిటర్ డిశ్చార్జి యూనిట్ (కాయిలుకు ఒక్క క్షణమే కరెంటు ఇచ్చేది) తప్పనిసరి. అది లేకుండా బటను ఇరుక్కుంటే కాయిలు కాలిపోతుంది.

#9 | మీటర్‌గేజ్_మిత్ర

టంకం విషయంలో కొంచెం విభేదిస్తాను. వంపుల్లో రెండు ఫ్లెక్సీ ముక్కల్ని తిన్నగా ఉన్నప్పుడే ఫిష్‌ప్లేటుతో కలిపి టంకం వేసి, తర్వాత వంచండి. విడిగా వంచి కలిపితే జాయింటు దగ్గర తప్పకుండా మొన తేలుతుంది. పట్టాలు తప్పేది అక్కడే. తిన్నని భాగాల్లో మాత్రం జాయింటు వదులుగా ఉంచాలి.

ఎందుకంటే వేడి. పట్టా నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అది రాగి, నికెల్, జింకు మిశ్రమం. 20 డిగ్రీలు పెరిగితే గజం ముక్క 0.3 మి.మీ. సాగుతుంది. పన్నెండు ముక్కలకు మూడున్నర మి.మీ. ఆ సాగుడుకు చోటు లేకపోతే పట్టా పక్కకు పొంగుతుంది. పై అంతస్తు గదిలో చలికాలం ఉదయం పట్టా వేస్తే జాయింటుకు అర మి.మీ. సందు వదలాలి. మే నెల మధ్యాహ్నం వేస్తే కలిపేసినా ఫరవాలేదు. మధ్యస్థంగా ఉన్న రోజున విజిటింగ్ కార్డు ముక్క సందులో పెట్టి కొలుచుకుంటే సరిగ్గా వస్తుంది.

#10 | గుడివాడ_లూప్

బల్ల, వైరింగు, పట్టాలు అయ్యాయి. రూపాయి పరీక్ష ఒక్కచోట తప్ప అన్నిచోట్లా నెగ్గింది. గూడ్సు లైను చివర తీగ పొడి టంకం, సరిచేశాను. ఇప్పుడు వేరే ఇబ్బంది. రెండు పాయింట్ల మీద ఇంజిను వెళ్లేటప్పుడు ఒక్క క్షణం బూస్టరు తెగి మళ్లీ వస్తోంది. ఒక పాయింటు మీద నాలుగో బోగీ ప్రతిసారీ పట్టా తప్పుతోంది. మిగతా బోగీలు బాగానే వెళ్తున్నాయి.

#11 | పాయింట్స్‌మన్

రెండూ వేరువేరు జబ్బులు.

మొదటిది: గదిలో లైటు ఆర్పి, ఇంజినును మెల్లగా పాయింటు మీదికి పంపండి. క్రాసింగు మొన దగ్గర చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది. మీ పాయింట్లలో క్రాసింగు ప్లాస్టిక్ కదా, దాని మొన దగ్గర వేరువేరు ధ్రువాల రెండు రైళ్లు చాలా దగ్గరగా వస్తాయి. చక్రం తలం వెడల్పుగా ఉంటే రెంటినీ ఒకేసారి తాకుతుంది, అదే షార్టు. ఆ రెండు రైళ్ల తలల మీద మొన నుంచి 10 మి.మీ. మేర రంగులేని గోళ్ల రంగు పలచగా పూసి చూడండి. షార్టు ఆగిపోతే కారణం ఖాయమైనట్టే. గోళ్ల రంగు నెలలకు అరిగిపోతుంది. శాశ్వతంగా కావాలంటే ఆ రెండు రైళ్లనూ మొనకు కాస్త దూరంలో సన్న రంపంతో కోసి, ఆ చిన్న ముక్కల్ని కరెంటు లేకుండా వదిలేయాలి.

రెండోది: ఒకే బోగీ ప్రతిసారీ తప్పుతోందంటే తప్పు బోగీది. అన్ని బోగీలూ ఒకేచోట తప్పితే పట్టాది. ఆ బోగీ ఇరుసులు తీసి చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. 14.4 నుంచి 14.5 మి.మీ. ఉండాలి. తక్కువుంటే చక్రం అంచు చెక్ రైలు (క్రాసింగుకు ఎదురుగా చక్రాన్ని దారిలో ఉంచే రైలు) మీదికి ఎక్కుతుంది. ఎక్కువుంటే క్రాసింగు మొనకు కొట్టుకుంటుంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఇరుసు మీద జరపాలి. సుత్తితో కొట్టకండి, వంకర వస్తుంది.

#12 | చెక్కపని

బోగీ బరువు కూడా చూడండి. పొడవైన బోగీ మరీ తేలికైతే వంపులో లోపలికి ఒరుగుతుంది. బరువు పెంచాలంటే సీసపు ముక్కల్ని నేల మీద, రెండు ట్రక్కులకు పైన సమానంగా అతికించాలి. పైకప్పులో పెడితే ఊగుతుంది. ట్రక్కుల మరలు కూడా: ఒకటి బిగుతుగా, ఊగకుండా. రెండోది కాస్త వదులుగా, అన్నివైపులా ఒరిగేలా. అప్పుడు బోగీ మూడు కాళ్ల పీటలా ఎలాంటి పట్టా మీదైనా కూర్చుంటుంది.

#13 | గుడివాడ_లూప్

నాలుగో బోగీలో రెండు ఇరుసులు 14.1 ఉన్నాయి. 14.4కి తెచ్చాను, అరగంట తిరిగినా తప్పలేదు. గోళ్ల రంగు పూశాక షార్టు కూడా పోయింది. ఇక కంకర పోయొచ్చా? ఇంకా, ఇంజిను నంబరు 30384. డీసీసీలో చిరునామా 3 నుంచి మార్చడం ఎలా?

#14 | టంకంకడ్డీ

చివరి నాలుగంకెలు 0384, అంటే 384 పెట్టుకోండి. 127 దాటింది కాబట్టి పొడవు చిరునామా. కమాండ్ స్టేషను నేరుగా రాయగలిగితే సరే. చేత్తో అయితే: 384ను 256తో భాగిస్తే భాగఫలం 1, శేషం 128. డీకోడరు (ఇంజినులోని డీసీసీ చిప్పు) సెట్టింగుల్ని సీవీలంటారు. సీవీ 17లో 192 + 1 = 193, సీవీ 18లో 128. తర్వాత సీవీ 29లో 38 (28 మెట్ల వేగం 2, డీసీలోనూ నడవడం 4, పొడవు చిరునామా 32). ఇంజిను రివర్సులో పోతే దానికి 1 కలిపి 39. ఎప్పుడైనా అంతా గందరగోళమైతే చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే ఫ్యాక్టరీ స్థితికి, చిరునామా 3కి వస్తుంది. ముందు డీకోడరు పుస్తకం చూసుకోండి. సీవీ 3ను (వేగం ఎంత మెల్లగా పెరగాలో) 15–20 దాకా పెంచితే బండి బరువుగా కదిలినట్టు కదులుతుంది. సీవీ 4 (వేగం ఎంత మెల్లగా తగ్గాలో) మరీ పెంచితే బండి స్టేషను దాటిపోతుంది, మీ గది చిన్నది.

#15 | బ్రాడ్‌గేజ్_ప్రియ

కంకర ఇప్పుడే వద్దు. ముందు రెండు వారాలు ఎనిమిది బోగీలతో రెండు దిక్కులా, ఇంజినును వెనక పెట్టి నెడుతూ కూడా నడపండి. నెట్టినప్పుడు తప్పని పట్టా ఇంకెప్పుడూ తప్పదు. కంకర పోశాక పట్టా ఎత్తడమంటే సుత్తి, ఉలి పనే.

కంకర కొలత: అసలు పట్టా కింద 65 మి.మీ. లోపు రాయి వాడతారు, 1:87లో 0.75 మి.మీ. క్రషరు దగ్గర దొరికే నల్లరాతి డస్టు మన లైన్ల రంగుకు అచ్చంగా సరిపోతుంది. దాన్ని కడిగి ఎండబెట్టి టీ వడకట్టే జల్లెడలో జల్లించండి. పైన నిలిచేది పెద్దది, పారేయండి. కిందికి దిగిన దాన్ని పలచని గుడ్డ మీద మళ్లీ జల్లించి పిండిలాంటి దుమ్ము తీసేయండి. దుమ్ము ఉంటే జిగురు లోపలికి దిగదు, పైన పెచ్చు కడుతుంది.

తర్వాతి పని అసలు మానొద్దు. కంకరను తెల్ల కాగితం మీద పలచగా పరిచి, అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి దగ్గరగా తిప్పండి. క్రషరు పళ్ల నుంచి అరిగిన ఇనుము, రాతిలో సహజంగా ఉన్న నల్ల ఇనుప రేణువులు మీసాల్లా కవరుకు అంటుకుంటాయి. కవరు విప్పి వాటిని దూరంగా దులిపి మళ్లీ తిప్పండి. కవరు నల్లబడకుండా వచ్చేదాకా, నాలుగైదు సార్లు. ఆ రేణువుల్ని వదిలేస్తే ఇంజిను మోటారులోని అయస్కాంతం పట్టా మీదుగా వెళ్తూ వాటిని ఒక్కొక్కటిగా లాక్కుంటుంది. గేరు పళ్ల మధ్య చేరితే మోటారు గరగరలాడి ఒకరోజు నిలిచిపోతుంది.

#16 | రసమట్టం

పోయడం: చెంచాతో స్లీపర్ల మధ్య పోసి, మెత్తని కుంచెతో రైలు పొడుగునా దువ్వి, స్లీపరు పైభాగం కనిపించేలా చదును చేయండి. మొదట నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి సన్నగా స్ప్రే చేయాలి, కంకర తడిసి ముద్ద కట్టకూడదు. తర్వాత ఫెవికాల్, నీళ్లు సగం సగం, అదే లిక్విడ్ ఒక చుక్క, సూది తీసేసిన సిరంజీతో అంచు నుంచి వదలండి. తడి కంకర దాన్ని తనే పీల్చుకుంటుంది. తడపకుండా జిగురు వేస్తే అది బంతుల్లా దొర్లుతుంది.

పాయింట్ల టంగ్ రైలు దగ్గర, కింద కడ్డీ కదిలే స్లీపర్ల మధ్య కంకర పోయకండి. అక్కడ నల్ల రంగు పూసి నాలుగు గింజలు చల్లితే చాలు. జిగురు ఆరేదాకా అరగంటకోసారి పాయింటును అటూ ఇటూ మార్చండి.

#17 | మీటర్‌గేజ్_మిత్ర

కరెంటు స్తంభాలు వేసేటట్టయితే కాంటాక్టు తీగ రైలు తల నుంచి 64 మి.మీ. ఎత్తు. తీగలో కరెంటు పెట్టొద్దు, అలంకారానికే. స్తంభాలు బల్ల అంచు వైపు కాకుండా గోడ వైపు పెడితే శుభ్రం చేసేటప్పుడు చెయ్యి తగిలి వంగవు.

#18 | గుడివాడ_లూప్

కంకర అయింది. ఇప్పుడు నిర్వహణ. పట్టాలు తుడవడానికి కొందరు కిరోసిన్ అంటున్నారు, కొందరు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్). ఉప్పుకాగితం?

#19 | టంకంకడ్డీ

ఉప్పుకాగితం వద్దు. గీతలు పడ్డ రైలు తలలో మురికి ఇంకా తొందరగా చేరుతుంది. పాత నూలు పంచె ముక్కను చిన్న చెక్కకు చుట్టి ఐపీఏతో తుడవండి. బనియను గుడ్డ నూగు వదిలి పాయింట్లలో ఇరుక్కుంటుంది. నల్ల చార వచ్చినంతసేపూ గుడ్డ జరుపుతూ తుడవాలి.

#20 | పాయింట్స్‌మన్

నా అభిప్రాయం: ఐపీఏతో మురికి తీసి, ఆఖర్న మినరల్ టర్పెంటైన్ చాలా పలచగా ఒక్కసారి తుడిస్తే పట్టా ఎక్కువ రోజులు శుభ్రంగా ఉంటుంది. చక్రానికీ రైలుకూ మధ్య వచ్చే సన్న నిప్పురవ్వలే నల్ల మసిగా మారుతాయి, ఐపీఏ మాత్రమే వాడితే అవి ఎక్కువ. కిరోసిన్ జిడ్డు వదులుతుంది, ఎత్తు ఉన్న లైన్లలో ఇంజిను జారుతుంది. ఇవి మూడూ మండేవే. పట్టాకు కరెంటు ఆపి, కిటికీ తెరిచి, ఆరేదాకా బండి నడపకుండా ఉండాలి.

మురికి తిరిగి వచ్చేది ఎక్కువగా చక్రాల నుంచే. ప్లాస్టిక్ చక్రాల బోగీ ఒక్కటున్నా అది మురికిని లైనంతా పూస్తుంది. లోహపు చక్రాలకు మార్చండి. ఇంజిను చక్రాలకు: పట్టా మీద ఐపీఏ తడిపిన గుడ్డ పరిచి, ఒక ట్రక్కును గుడ్డ మీద, రెండోదాన్ని పట్టా మీద ఉంచి చేత్తో ఆపి పట్టుకుని నడపండి. గుడ్డ మీద చక్రాలు తిరుగుతూ నల్ల గీతలు వదులుతాయి. తర్వాత తిప్పి రెండో ట్రక్కు.

#21 | చెక్కపని

మన ఇళ్లకు పనికొచ్చేవి కొన్ని. చీపురుతో ఊడిస్తే దుమ్మంతా లేచి పట్టా మీదే వాలుతుంది. నేలను తడిగుడ్డతో, లేఅవుట్‌ను కుంచె, వాక్యూమ్ కలిపి. వాక్యూమ్ గొట్టానికి పలచని గుడ్డ కట్టండి, ఊడిన చిన్న భాగాలు దానికే ఆగుతాయి. పైన ట్యూబులైటు దగ్గర బల్లులు తిరిగితే రెట్ట పట్టా మీద పడుతుంది. అది ఎండితే గట్టిగా అంటుకుని ఇంజిను ఆగుతుంది, కింద రైలు రంగు మారుతుంది. లైటును లేఅవుట్‌కు నేరుగా పైన కాకుండా పక్కకు మార్చండి. వాడనప్పుడు పాత నూలు చీర కప్పండి. పాలిథిన్ షీటు కప్పితే వానాకాలం కింద తేమ పడుతుంది.

నూనె: గేర్లకు, ఇరుసు బేరింగులకు ప్లాస్టిక్‌కు హాని చేయని సన్న నూనె, సూది మొనతో ఒక్క చుక్క. కొబ్బరినూనె చలికాలం గడ్డకట్టి గేర్లను పట్టేస్తుంది. ఎక్కువైన నూనె చక్రాల మీదికి, అక్కడి నుంచి పట్టాకు వస్తుంది.

#22 | గుడివాడ_లూప్

పాయింట్స్‌మన్ గారు చెప్పినట్టు చక్రాలు తుడిస్తే ఇంజిను మొదటి ట్రక్కు నుంచి ఆరు నల్ల గీతలు వచ్చాయి, మూడోసారికి గుడ్డ తెల్లగానే ఉంది. ఎనిమిది బోగీలతో లూపులో నిలిపి గూడ్సును మెయిన్ మీదుగా పంపుతుంటే వంపులో రెండింటి మధ్య వేలు పట్టేంత సందు ఉంది. గోళ్ల రంగు ఉన్నంతకాలం నడిపి, అరిగినప్పుడు ఆ రెండు పాయింట్ల రైళ్లు కోస్తాను. కోత మొన నుంచి ఎన్ని మి.మీ. దూరంలో పెట్టాలి?

#23 | పాయింట్స్‌మన్

రెండు రైళ్ల తలల మధ్య సందు మీ చక్రం తలం వెడల్పు కంటే ఎక్కువయ్యే చోట. వెర్నియర్‌తో చక్రం వెడల్పు కొలిచి, అర మి.మీ. కలిపి, మొన నుంచి జరుపుకుంటూ పోతే అంత సందు ఎక్కడ వస్తుందో అక్కడ గీత పెట్టండి. కోశాక సందులో చిన్న ప్లాస్టిక్ పలుకు సూపర్ గ్లూతో అతికించి రైలు తల ఆకారానికి ఆకురాయితో అరగదీయండి. లేకపోతే వేసవిలో పట్టా సాగి ఆ సందు మూసుకుపోతుంది.